ఛాతీలో బరువు, తేలని ట్రెడ్‌మిల్: అమ్మకు స్ట్రెస్ ఎమ్మారై చేయించాలా, నేరుగా యాంజియోగ్రామ్‌కు వెళ్లాలా?

మునేరు ఒడ్డు | ఖమ్మం | జూన్ 8, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. అమ్మ వయసు 61. పదమూడేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. మూడు నెలల నుంచి మేడ మీద బట్టలు ఆరేయడానికి మెట్లెక్కితే చాలు, ఛాతీ మధ్యలో ఎవరో అరచేయి పెట్టి నొక్కుతున్నట్టు ఉంటోందట. పిట్టగోడకు ఆనుకుని రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోతుంది. గ్యాస్ అనుకుని ఇన్నాళ్లూ వాము నములుతూ వచ్చింది. నాకు చెప్పింది గత నెలలోనే.

ఈసీజీ, ఎకో బాగానే ఉన్నాయన్నారు. ట్రెడ్‌మిల్ ఎక్కిస్తే నాలుగో నిమిషంలో మోకాళ్లు సహకరించలేదు. గుండె వేగం కావలసినంత పెరగలేదు కనుక ఏమీ తేల్చలేమని రాసిచ్చారు. ఆ తర్వాత సీటీ యాంజియో చేయించాం. ఎల్‌ఏడీ అనే ముందువైపు నాళంలో 50 నుంచి 60 శాతం సన్నబడిందని వచ్చింది. కుడివైపు నాళం గురించి మాత్రం, సున్నం బాగా పేరుకుపోవడం వల్ల లోపల ఎంత దారి ఉందో చెప్పలేమని రాశారు.

ఒక డాక్టరు గారు వెంటనే యాంజియోగ్రామ్ (సన్నని గొట్టం గుండె దాకా పంపి నాళాలను చూసే పరీక్ష) చేసి, అవసరమైతే అక్కడే స్టెంట్ వేద్దామన్నారు. ఇంకొకరు, ముందు స్ట్రెస్ ఎమ్మారై చేయించి రండి, అప్పుడు మాట్లాడదాం అన్నారు. ఇద్దరూ పేరున్నవారే. నాన్న మూడు రోజులుగా సరిగ్గా నిద్రపోవడం లేదు. గుండెకు ఎమ్మారై చేస్తారన్న సంగతే మాకు తెలియదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

చిన్నక్క | గుంటూరు | జూన్ 8, రాత్రి 10:15

అమ్మాయీ, నేనైతే ఆలోచించకుండా యాంజియోగ్రామ్‌కే వెళ్తాను. మా మరిదికి ఇలాగే మెట్ల దగ్గర మొదలైంది. ఈ పరీక్ష, ఆ పరీక్ష అని నెలన్నర తిరిగాం. చివరికి తెల్లవారుజామున అంబులెన్సులో తీసుకెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు చేతి మణికట్టు దగ్గర నుంచే చేస్తున్నారు, సాయంత్రానికి ఇంటికి పంపిస్తున్నారు. మెదడుకో వెన్నెముకకో చేసే ఎమ్మారై కొట్టుకునే గుండెకు ఎలా పనికొస్తుందో నాకైతే అర్థం కావడం లేదు.

లెక్కల మాస్టారు | రాజమహేంద్రవరం | జూన్ 9, ఉదయం 6:05

తల్లీ, నేను వైద్యుణ్ణి కాను, ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. నాకు ఒక సందేహం. సీటీలో 50 నుంచి 60 శాతం అని ఇప్పటికే వచ్చింది కదా. యాంజియోగ్రామ్ ఆ అంకెను ఇంకాస్త కచ్చితంగా చెబుతుంది. మరి ఎమ్మారై చెప్పే కొత్త సంగతి ఏమిటి? అదే నాళాన్ని మూడోసారి ఫొటో తీయడమేనా? మన వేదికలో వైద్యులు ఉన్నారు, ఎవరైనా విడమరచి చెబితే బాగుంటుంది.

నాడి | విజయవాడ, హృద్రోగ వైద్యుడు | జూన్ 9, మధ్యాహ్నం 2:20

మాస్టారు అడిగిందే అసలు ప్రశ్న. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ణి కనుక కాలువల లెక్కలోనే చెబుతాను.

యాంజియోగ్రామ్, సీటీ రెండూ కాలువను కొలుస్తాయి. ఎక్కడ పూడిక పడింది, ఎంత వెడల్పు మిగిలింది అన్నది చూపిస్తాయి. ఈ పరీక్షలో ఎమ్మారై చూసేది కాలువను కాదు, చేలోకి దిగి శివారు పొలం తడిసిందా లేదా అని చూస్తుంది. సగం పూడిన కాలువ కింద కూడా శివారు దాకా నీరు అందే ఊళ్లు ఉన్నాయి. కాలువ చూడడానికి బాగానే ఉన్నా చివరి మడి ఎండిపోయే ఊళ్లూ ఉన్నాయి.

ఇందులో రెండో సంగతి, ఎప్పుడు చూస్తున్నాం అన్నది. మామూలు రోజుల్లో పొలానికి కావలసిన నీరు కొద్దే, పూడిక ఉన్నా తెలియదు. అందరూ ఒకేసారి నాట్లు వేసే వారంలో తెలుస్తుంది ఎవరికి అందడం లేదో. మీ అమ్మగారికి కూర్చున్నప్పుడు ఏమీ లేకపోవడం, మెట్లెక్కితే బరువెక్కడం ఇదే. అందుకే ఎకో బాగానే ఉంది. స్ట్రెస్ అంటే ఆ నాట్ల వారాన్ని మందుతో తెప్పించడం. అడినోసిన్ అనే మందు శరీర బరువులో కిలోకు నిమిషానికి 140 మైక్రోగ్రాముల చొప్పున నరంలోకి ఎక్కిస్తాం. ఆరోగ్యంగా ఉన్న నాళాల్లో రక్తప్రవాహం మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. ఇరుకైన నాళం కింద ఉన్న కండరానికి ఆ పెరుగుదల అందదు. సరిగ్గా అప్పుడు గాడోలీనియం అనే రంగుమందు పంపి, అది కండరంలోకి చేరడాన్ని గుండె కొట్టుకున్న ప్రతిసారీ బొమ్మ తీస్తాం. రక్తం అందిన భాగం తెల్లగా వెలుగుతుంది. అందని భాగం నల్లటి పట్టీలా కాసేపు మిగిలిపోతుంది.

గుండె గోడలో శివారు ఏదంటే లోపలి పొర. రక్తం కొరత పడితే ముందు ఎండేది అదే. గుండె గోడ మందం దాదాపు ఒక సెంటీమీటరు. ఎమ్మారై రెండు మూడు మిల్లీమీటర్ల తేడాను కూడా పట్టుకుంటుంది కనుక లోపలి పొరలోనే ఉన్న కొరత విడిగా కనిపిస్తుంది. రేడియోధార్మిక మందు ఎక్కించి రక్తప్రసారాన్ని చూసే న్యూక్లియర్ స్కాన్‌కు అంత సూక్ష్మంగా చూసే శక్తి లేదు. దాని బొమ్మలో గోడ మొత్తం ఒకే ముద్ద. పైగా ఎమ్మారైలో రేడియేషన్ లేదు.

చిన్నక్క గారూ, గుండె కొట్టుకుంటుంది కనుక ఎమ్మారై ఎలా అన్నారు. ఈసీజీని యంత్రానికి కలుపుతాం. ప్రతి స్పందనలో ఏ క్షణాన బొమ్మ తీయాలో ఈసీజీయే చెబుతుంది. మీ మరిది గారి విషయంలో మీరు పడిన ఆందోళన నాకు అర్థమవుతుంది. అందుకే ఇది స్పష్టంగా చెబుతున్నాను: విశ్రాంతిలో ఉండగా నొప్పి వచ్చినా, ఆగి నిలబడ్డాక కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా, కొద్ది రోజుల్లోనే నొప్పి తరచు కావడం మొదలైనా ఎమ్మారై కోసం ఎదురుచూడకూడదు. 108కి ఫోన్ చేసి నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఈ పరీక్ష నిలకడగా ఉన్న నొప్పికి మాత్రమే.

మునేరు ఒడ్డు గారూ, మీ రిపోర్టులో అందరి కళ్లూ ఆ 50, 60 శాతం మీద పడ్డాయి. నాకు మాత్రం వాళ్లు చదవలేకపోయిన కుడి నాళం మీదే అనుమానం. ఎమ్మారైకి సున్నం అడ్డు కాదు, ఎందుకంటే అది చూసేది కండరాన్ని.

మునేరు ఒడ్డు | ఖమ్మం | జూన్ 9, రాత్రి 8:50

డాక్టరు గారూ, నాన్నకు మీ కాలువ మాట చదివి వినిపించాను. మాది పాలేరు కాలువ కింద రెండెకరాలు, శివారులోనే. ఆయనకు ఒక్కసారిగా అర్థమైంది. పరీక్షకు ఒప్పుకున్నారు. హైదరాబాద్‌లో 20వ తేదీకి సమయం ఇచ్చారు. లోపల ఎంతసేపు ఉంటుంది, ఏం చేస్తారు? అమ్మకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. ఇరుకు గదులంటే కొంచెం భయం కూడా.

ఎమ్మారై గది | హైదరాబాద్, టెక్నీషియన్ | జూన్ 9, రాత్రి 11:30

పదకొండేళ్లుగా ఈ గదిలోనే పని చేస్తున్నాను, నెలకు చాలా గుండె స్కాన్లు చేస్తాను. అమ్మగారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

లోపల ముప్పావు గంట నుంచి గంట. రెండు చేతులకూ సూదులు పెడతాం, ఒకటి అడినోసిన్‌కు, ఇంకొకటి రంగుమందుకు. ఛాతీకి ఈసీజీ పట్టీలు అంటిస్తాం. ఛాతీ మీద పలకలా ఒక కాయిల్ పరుస్తాం, కొంచెం బరువుగా ఉంటుంది. చేతిలో రబ్బరు బుడ్డి ఇస్తాం, నొక్కితే మేము వెంటనే వస్తాం. చప్పుడు ఎక్కువ కనుక చెవులకు హెడ్‌ఫోన్లు పెడతాం.

అసలు కష్టం ఊపిరి దగ్గర. "పీల్చండి, వదలండి, ఆపండి" అంటాం. వదిలాక ఆపాలి, పీల్చి కాదు. పది, పన్నెండు సెకన్లు. ఇలా చాలాసార్లు చేయాలి. ఇది ముందే సాధన చేయిస్తే బొమ్మలు అద్దంలా వస్తాయి. ఈ పది రోజులూ రోజుకు పదిసార్లు మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి చేయించండి. బుక్ చేసిన చోటికి ఫోన్ చేసి తెలుగులో సూచనలు ఇచ్చేవారు ఉంటారా అని అడగండి. కొన్ని చోట్ల యంత్రంలో ముందే రికార్డు చేసిన గొంతు ఇంగ్లిషులోనో హిందీలోనో వస్తుంది. అది అర్థంకాక పెద్దవాళ్లు తప్పు సమయంలో ఊపిరి పీల్చేస్తారు. పాపం, తప్పు వాళ్లది కాదు.

ఇక ఎవరూ ముందుగా చెప్పని సంగతి, మంగళసూత్రం. గొలుసు, నల్లపూసలు, మెట్టెలు, పిన్నీసులు, జడకు పెట్టిన క్లిప్పులు, అన్నీ తీయాలి. జరీ అంచు చీర కూడా పనికిరాదు, గౌను ఇస్తారు. బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా అని అడుగుతారు. నిజమే, అంటుకోదు. కానీ గొలుసు కొక్కెంలో ఉండే చిన్న స్ప్రింగు ఏ లోహందో ఎవరికీ తెలియదు. పైగా ఛాతీ మీద ఏ లోహం ఉన్నా అది వేడెక్కవచ్చు, గుండె బొమ్మ సరిగ్గా అక్కడే చెడిపోతుంది. తలుపు దగ్గరకు వచ్చాక ఈ మాట చెబితే పెద్దావిడలు కన్నీళ్లు పెట్టుకోవడం చూశాను. ఇంటి దగ్గరే పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి మెడలో వేయించి తీసుకురండి. అది లోపలికి రావడానికి ఏ అభ్యంతరమూ లేదు. ఆవిడ మనసు కుదుటపడితే గుండె వేగం కూడా కుదుటపడుతుంది, బొమ్మలు బాగా వస్తాయి.

ఇరుకు భయానికి, కళ్లు మూయించి ఒక మెత్తటి గుడ్డ కప్పి లోపలికి పంపండి. తెరిచి చూస్తేనే భయం.

కొండపల్లి బొమ్మ | బెంగళూరు | జూన్ 10, ఉదయం 7:45

నాకు ఈ పరీక్ష రెండేళ్ల క్రితం జరిగింది, అప్పటికి వయసు 54. మొదటిసారి వెనక్కి పంపేశారు. కారణం పొద్దున్న తాగిన ఒక్క గ్లాసు ఫిల్టర్ కాఫీ. ఖాళీ కడుపుతో రమ్మన్నారు కానీ కాఫీ గురించి నాకు ఎవరూ చెప్పలేదు. సెలవు పోయింది, మా ఆవిడ సెలవు పోయింది, వారం రోజుల టెన్షన్ మిగిలింది.

రెండోసారి మందు ఎక్కిస్తున్నప్పుడు ఎలా ఉంటుందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అర నిమిషంలో ముఖం వేడెక్కింది. తర్వాత ఛాతీ మీద బరువు, ఊపిరి చాలనట్టు. గుండె దడదడ. ఇది గుండెపోటే అనిపించింది ఒక క్షణం. అప్పుడు హెడ్‌ఫోన్‌లో డాక్టరమ్మ "ఇది మందు పని, మేము చూస్తున్నాం, ఇంకో నిమిషం" అంది. ఆ మాటే నన్ను పట్టి ఉంచింది. మందు ఆపాక నిమిషంలోపే, కుళాయి కట్టేసినట్టు అంతా పోయింది. అమ్మగారికి ఇది ముందే చెప్పండి. చెప్పకుండా లోపలికి పంపడం తప్పు.

నాడి | విజయవాడ, హృద్రోగ వైద్యుడు | జూన్ 10, రాత్రి 9:10

కాఫీ సంగతి ఎత్తినందుకు కొండపల్లి బొమ్మ గారికి కృతజ్ఞతలు. కెఫీన్, అడినోసిన్ రెండూ ఒకే తాళానికి చెవులు. కెఫీన్ ముందే తాళంలో దూరి కూర్చుంటే అడినోసిన్ పని చేయదు. నాళాలు తెరుచుకోవు, పరీక్ష అబద్ధంగా "అంతా బాగుంది" అని చెప్పే ప్రమాదం ఉంది. పంపేయడమే సరైన పని, కాకపోతే ముందు చెప్పాల్సింది. ముందు 24 గంటలు కాఫీ, టీ, కోలా, చాక్లెట్ ఏవీ వద్దు. సారిడాన్ లాంటి తలనొప్పి మాత్రల్లో కూడా కెఫీన్ ఉంటుంది. ఆయాసానికి వాడే డెరిఫిలిన్‌లో థియోఫిలిన్ ఉంటుంది, అది కూడా అదే తాళంలో దూరుతుంది. అమ్మగారు వాడే మాత్రల చీటీ మొత్తం వాళ్లకు ముందే చూపించండి. ఏది ఆపాలో వాళ్లే చెబుతారు, మీరుగా ఆపవద్దు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఖాళీ కడుపుతో ఎలా తీసుకోవాలో కూడా అడగండి.

మందు పని చేసిందని మాకు ఎలా తెలుస్తుందంటే, గుండె వేగం కొంత పెరుగుతుంది. ఇంకో చక్కని గుర్తు కూడా ఉంది. అడినోసిన్ పడినప్పుడు ప్లీహానికి రక్తం తగ్గి అది బొమ్మలో నల్లబడుతుంది. గుండె పక్కనే కనిపిస్తుంది కనుక ఒక చూపు అటు వేస్తాం.

ఉబ్బసం తీవ్రంగా ఉన్నవారికి, గుండెలో విద్యుత్ ప్రసారం ఆగే రెండో, మూడో స్థాయి బ్లాక్ ఉన్నవారికి అడినోసిన్ ఇవ్వం. అలాంటప్పుడు కొందరికి డోబుటమిన్ అనే మరో మందుతో చేస్తాం. పాత పేస్‌మేకర్లు, మెదడులో పెట్టిన కొన్ని పాత క్లిప్పులు ఉంటే ఎమ్మారై కుదరకపోవచ్చు. గుండెలో స్టెంట్ ఉంటే మాత్రం భయం లేదు. షుగర్ ఉంది కనుక మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూపించండి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి గాడోలీనియం ఇచ్చే ముందు ఆలోచించాలి.

యార్క్‌షైర్ తెలుగు | లీడ్స్, ఇంగ్లండ్, నర్సు | జూన్ 11, రాత్రి 1:20

మాది నెల్లూరు. తొమ్మిదేళ్లుగా లీడ్స్‌లో పని చేస్తున్నాను. ఈ పరీక్ష చరిత్రలో మా ఊరికి పెద్ద భాగం ఉంది కనుక రాయకుండా ఉండలేకపోయాను.

ఇక్కడ సీఈ-మార్క్ అనే అధ్యయనం జరిగింది, 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. గుండెనొప్పి అనుమానం ఉన్న 752 మందిని తీసుకున్నారు. అందరికీ ఎమ్మారై, న్యూక్లియర్ స్కాన్, యాంజియోగ్రామ్ మూడూ చేయాలన్నది ప్రణాళిక. యాంజియోగ్రామ్‌లో జబ్బు ఉన్నవారిని ఎమ్మారై 86.5 శాతం పట్టుకుంది. న్యూక్లియర్ స్కాన్ 66.5 శాతమే పట్టుకుంది. జబ్బు లేనివారిని లేదని చెప్పడంలో రెండూ దాదాపు సమానం, ఎమ్మారైకి 83.4 శాతం.

2016లో సీఈ-మార్క్ 2 వచ్చింది, 1,202 మందితో. అవసరం లేని యాంజియోగ్రామ్‌లు ఎన్ని జరిగాయన్నది ప్రశ్న. అప్పటి బ్రిటిష్ మార్గదర్శకాల ప్రకారం వెళ్లినవారిలో 28.8 శాతం, ముందు ఎమ్మారై చేసినవారిలో 7.5 శాతం. న్యూక్లియర్ స్కాన్ కూడా అక్కడ 7.1తో సమానంగా నిలిచింది, అది కూడా చెప్పాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది 2019 నాటి ఎంఆర్-ఇన్‌ఫార్మ్. 918 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ముందు ఎమ్మారై. రెండో జట్టుకు నేరుగా యాంజియోగ్రామ్, అందులోనే తీగ దించి నాళంలో ఒత్తిడి కొలిచే ఎఫ్‌ఎఫ్‌ఆర్. ఏడాది తర్వాత మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స అవసరం పడడం, ఇవన్నీ కలిపి చూస్తే 3.6 శాతం, 3.7 శాతం. అంటే తేడా లేదు. కానీ స్టెంట్ లేదా బైపాస్ జరిగింది ఎమ్మారై జట్టులో 35.7 శాతానికి, రెండో జట్టులో 45 శాతానికి. తక్కువ మందికి స్టెంట్ వేసి అంతే క్షేమంగా ఉన్నారన్నమాట. పైగా ఎమ్మారై జట్టులో సగం మందికి అసలు యాంజియోగ్రామే పడలేదు.

లెక్కల మాస్టారు | రాజమహేంద్రవరం | జూన్ 11, ఉదయం 5:50

అమ్మా, అంకెలు ఇచ్చావు, సంతోషం. రాత్రి కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నా లెక్క ఇది, తప్పుంటే దిద్దండి.

జబ్బు ఉండే అవకాశం సగానికి సగం ఉన్న 100 మందిని తీసుకుందాం. జబ్బు ఉన్న 50 మందిలో ఎమ్మారై 43 మందిని పట్టుకుంటుంది, 7గురిని వదిలేస్తుంది. లేని 50 మందిలో 42 మందిని లేదంటుంది, 8 మందిని అనవసరంగా భయపెడుతుంది. ఉందని చెప్పిన 51 మందిలో 43 మందికి నిజంగా ఉంది. బాగుంది.

ఇప్పుడు అవకాశం పదింట ఒక వంతే ఉన్న 100 మందిని తీసుకుందాం. ఉన్న 10 మందిలో 9 మంది దొరుకుతారు. లేని 90 మందిలో 15 మందికి ఉందని తప్పుగా వస్తుంది. ఉందని చెప్పిన 24 మందిలో 15 మందికి లేనే లేదు! యంత్రం అదే, టెక్నీషియన్ అతనే. మారింది ఎవరిని లోపలికి పంపాం అన్నదే. కనుక ఏ నొప్పీ లేని నాలాంటివాడు ముందుజాగ్రత్త అంటూ ఈ పరీక్ష చేయించుకోవడం తెలివైన పని కాదు. నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా డాక్టరు గారూ? మరి ఆ వదిలేసిన 7గురి సంగతి ఏమిటి?

నాడి | విజయవాడ, హృద్రోగ వైద్యుడు | జూన్ 11, రాత్రి 10:00

మాస్టారూ, మా కాలేజీలో మీరు ఈ పాఠం చెప్పి ఉంటే మాకు ఎంతో మేలు జరిగేది. లెక్క అక్షరాలా సరైనది. ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల్లో అందరికీ గుండె స్కాన్లు కలిపి అమ్మడం నాకు బాధ కలిగించేది ఇందుకే. అమ్మగారి వయసు, షుగర్, మెట్ల దగ్గర వచ్చి నిలబడితే తగ్గే నొప్పి, సీటీలో కనిపించిన పూడిక, ఇవన్నీ కలిపితే ఆవిడ మీ మొదటి గుంపులోని మనిషి. అందుకే పరీక్ష అర్థవంతం.

ఆ 7గురి గురించి. యాంజియోగ్రామ్‌తో పోల్చి "వదిలేసింది" అంటున్నాం. కానీ యాంజియోగ్రామ్ కొలిచేది కాలువను, అదీ సగం కథే. నాళం ఇరుకుగా కనిపించినా కండరానికి రక్తం అందుతున్నవారు కూడా ఆ 7గురిలో ఉంటారు. అందుకే ఇంకో రకంగా అడగాలి: ఎమ్మారై బాగుందన్నవారు తర్వాత ఎలా ఉన్నారు? అమెరికాలో 13 కేంద్రాల్లో 2,349 మందిని ఐదేళ్లకు పైగా గమనించిన స్పిన్స్ అనే అధ్యయనం 2019లో వచ్చింది. రక్తం కొరత గానీ మచ్చ (చచ్చిన కండరం ఆనవాలు) గానీ లేనివారిలో గుండెపోటు, గుండె మరణం ఏడాదికి ఒక శాతం లోపే. ప్రమాదం సున్నా కాదు, కానీ నిశ్చింత పెద్దదే.

చిన్నక్క | గుంటూరు | జూన్ 12, ఉదయం 10:30

నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఇక్కడ చదివి చాలా తెలుసుకున్నాను. ఒక మాట అడగాలి. మా ఆడపడుచుకు 52 ఏళ్లు. నడిస్తే ఛాతీ నొప్పి. యాంజియోగ్రామ్ చేసి నాళాలన్నీ శుభ్రంగా ఉన్నాయన్నారు. అప్పటి నుంచి ఇంట్లో అందరూ అది మనసు వల్ల వచ్చే నొప్పి అంటున్నారు. ఆవిడ ఇప్పుడు నొప్పి వచ్చినా చెప్పడం మానేసింది. పక్క గదిలో గోడ పట్టుకుని నిలబడడం నేను చూశాను.

నాడి | విజయవాడ, హృద్రోగ వైద్యుడు | జూన్ 12, మధ్యాహ్నం 3:15

అక్కా, దయచేసి ఆవిడను మళ్లీ డాక్టరుకు చూపించండి. యాంజియోగ్రామ్‌లో కనిపించేవి పెద్ద కాలువలే. వాటి నుంచి చీలే బోదెలు, పిల్ల బోదెలు, అంటే వెంట్రుకంత సన్నని నాళాలు అందులో కనిపించవు. అవి సరిగ్గా తెరుచుకోకపోయినా నొప్పి వస్తుంది. ఇది ఆడవాళ్లలో ఎక్కువ. స్ట్రెస్ ఎమ్మారైలో కొన్నిసార్లు గుండె చుట్టూ లోపలి పొర అంతా ఉంగరంలా నల్లబడి కనిపిస్తుంది. రక్తప్రవాహాన్ని అంకెల్లో లెక్కగట్టే సౌకర్యం ఉన్నచోట ఇంకా బాగా తెలుస్తుంది. దీనికి మందులు ఉన్నాయి. నాళాలు శుభ్రంగా ఉన్నాయంటే నొప్పి అబద్ధమని అర్థం కాదు. ఈ మాట ఆవిడకు నా పేరుగా చెప్పండి.

మునేరు ఒడ్డు | ఖమ్మం | జూన్ 22, రాత్రి 9:05

పరీక్ష అయింది. అమ్మ పసుపు కొమ్ము కట్టుకుని వెళ్లింది. అక్కడి టెక్నీషియన్ అది చూసి "ఎవరు చెప్పారమ్మా" అని అడిగాడట. పది రోజులు మంచం మీద సాధన చేసింది కనుక ఊపిరి ఒక్కసారి కూడా తప్పలేదు. తెలుగులోనే చెప్పారు. మందు ఎక్కినప్పుడు మేడ మెట్ల మీద వచ్చే నొప్పే వచ్చిందట. "అదేనమ్మా, అచ్చం అదే" అని బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుంది.

రిపోర్టు: గుండె పంపింగ్ 56 శాతం, అది మామూలేనట. ఎల్‌ఏడీ వైపు కండరానికి రక్తం బాగా అందుతోంది, అక్కడ కొరత లేదు. కింది గోడలో మూడు భాగాల్లో మందు ఉన్నప్పుడు కొరత కనిపించింది. అందులో ఒక భాగంలో లోపలి పొరలో పాత మచ్చ, గోడ మందంలో పావు వంతు కన్నా తక్కువ. అంటే ఎప్పుడో ఒక గుండెపోటు వచ్చి వెళ్లిపోయిందా? మాకెవరికీ తెలియదే! నాన్న అప్పటి నుంచి అదే అడుగుతున్నారు.

నాడి | విజయవాడ, హృద్రోగ వైద్యుడు | జూన్ 22, రాత్రి 10:40

నాన్నగారికి చెప్పండి, ఇది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవారిలో నొప్పిని మోసే నరాలు మొద్దుబారతాయి. చిన్న గుండెపోటు నీరసంగానో అజీర్తిగానో వచ్చి పోతుంది. ఈసీజీలో, ఎకోలో కూడా ఆనవాలు మిగలకపోవచ్చు. రంగుమందు ఇచ్చిన పది, పదిహేను నిమిషాలకు తీసే బొమ్మల్లో చచ్చిన కండరం తెల్లగా మెరుస్తుంది. కొన్ని గ్రాముల మచ్చ కూడా దొరికిపోతుంది.

మచ్చ పావు వంతు లోపే ఉందంటే మిగిలిన గోడ బతికే ఉంది. మచ్చ సగం మందం దాటిన చోట స్టెంట్ వేసినా కండరం కోలుకోవడం కష్టం. మీకు ఆ ఇబ్బంది లేదు. కింది గోడకు నీరు ఇచ్చేది సాధారణంగా కుడి నాళమే, సీటీ చదవలేకపోయింది దాన్నే.

ఇప్పుడు తొందరపడి స్టెంట్ అనుకోవద్దు. 2020లో అచ్చయిన ఇస్కీమియా అధ్యయనంలో, నిలకడైన జబ్బు ఉన్న 5,179 మందిలో ముందే స్టెంట్, బైపాస్‌లకు వెళ్లడం వల్ల మరణాలు, గుండెపోట్లు తగ్గలేదు. నొప్పి తరచుగా వచ్చేవారికి మాత్రం ఉపశమనం బాగా కలిగింది. కనుక మంచి మందులతో మొదలుపెట్టి, నొప్పి తగ్గకపోతే యాంజియోగ్రామ్‌కు వెళ్లడం న్యాయమైన దారి. మీ డాక్టరు గారితో ఇదే మాట్లాడండి.

మునేరు ఒడ్డు | ఖమ్మం | ఆగస్టు 3, సాయంత్రం 6:30

ఐదు వారాలు మందులు వాడాం. నొప్పి తగ్గింది కానీ పోలేదు, వారానికి మూడు నాలుగుసార్లు వస్తూనే ఉంది. గత సోమవారం యాంజియోగ్రామ్ చేశారు. కుడి నాళంలో 90 శాతం. స్టెంట్ వేశారు. ఎల్‌ఏడీలోకి తీగ దించి ఒత్తిడి కొలిచారు, 0.87 వచ్చింది. 0.80 కన్నా ఎక్కువ ఉంటే రక్తం చాలినంత అందుతున్నట్టేనట, కనుక దాన్ని ముట్టుకోలేదు. మొదట్లోనే వెళ్లి ఉంటే, కళ్లకు కనిపించిన ఆ 60 శాతానికి కూడా ఒకటి వేసేవారేమో అని నాన్న అంటున్నారు. అమ్మ నిన్న మేడ ఎక్కింది.

డాక్టరు గారూ, ఒక చివరి సందేహం. అమ్మకు దవడ పన్ను కదులుతోంది, తీయించుకుంటానంటోంది. రక్తం పల్చబడే మాత్రలు రెండు ఇచ్చారు. నాలుగు రోజులు ఆపి పన్ను తీయించవచ్చా?

నాడి | విజయవాడ, హృద్రోగ వైద్యుడు | ఆగస్టు 3, సాయంత్రం 7:10

ఆపవద్దు, ఒక్క రోజు కూడా. కొత్త స్టెంట్ మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఇప్పుడే ఎక్కువ. రెండు మాత్రలూ సాధారణంగా ఆరు నెలలు వాడాలి, మీ చీటీలో ఎంత కాలం రాశారో చూడండి. పన్ను ఆగగలిగితే అప్పటిదాకా ఆగండి. ఆగలేకపోతే మాత్రలు వాడుతూనే తీయవచ్చు. దంతవైద్యునికి స్టెంట్ సంగతి ముందే చెప్పండి, రక్తం ఆపడానికి ఆయన ఏర్పాట్లు చేసుకుంటారు. వెళ్లేముందు మీ గుండె డాక్టరుకు ఒక ఫోన్ చేయండి.